పార్వతీశాన్ని ఏమని పిలవాలి?

ఎం.ఏ. రెండో సంవత్సరంలో చిన్న పరిశోధన వ్యాసం ఒకటి రాయాల్సి వచ్చింది. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగంలో శైలిని విశ్లేషిస్తానని పేరు ఇచ్చాను. ఎంచుకోవడానికి పెద్ద కారణమేమీ లేదు. అప్పటికి నాలుగైదుసార్లు చదివిన పుస్తకం, పైగా నవ్విస్తుంది, నెల రోజుల్లో తేలిపోతుందనుకున్నాను. మూడు నెలలు పట్టింది.

మొదటి చిత్తుప్రతి పద్దెనిమిది పుటలు వచ్చింది. 'సునిశిత హాస్యం', 'జీవం తొణికిసలాడే వాడుక భాష', 'పాఠకుణ్ని చివరిదాకా చదివించే గుణం' లాంటి మాటలు పుటకు మూడేసి ఉన్నాయి. మా గైడు మేడమ్ ఒక పుట నా ముందు పెట్టి, నవల పేరును వేలితో మూసి, "ఇక్కడ నీకు నచ్చిన ఇంకో హాస్య నవల పేరు పెట్టి చదువు" అన్నారు. చదివాను. ఎక్కడా అతుకు కనబడలేదు. తల ఎత్తలేకపోయాను.

అంతటితో అయిపోలేదు. 'రచయిత తొలిసారి ఓడ ఎక్కినప్పుడు' అని నేను రాసినచోట గీత గీసి, "ఎక్కింది ఎవరు?" అని అడిగారు. మొక్కపాటివారు కూడా విదేశంలో చదువుకున్నవారే. నవల అంతా పార్వతీశమే 'నేను' అంటూ చెబుతాడు. నేను ఇద్దరినీ కలిపి ఒక్క మనిషిని చేసేశాను. ఇలాంటి పొరపాటు చేసినవాళ్లలో నేను మొదటిదాన్నేమీ కాదు. 1857లో ఫ్లోబేర్ నవల 'మదామ్ బొవారీ' మీద ఫ్రాన్సులో కేసు నడిచినప్పుడు, కథానాయిక ఎమ్మా మనసులో మెదిలిన మాటలను రచయిత మాటలుగా చదివి ప్రభుత్వ న్యాయవాది తప్పుపట్టాడు. ఫ్లోబేర్ నిర్దోషిగా బయటపడ్డాడు. నాకు మాత్రం మళ్లీ రాయక తప్పలేదు.

మేడమ్ చూపించిన దారి ఇది: ఒక్క ఘట్టం తీసుకో, అందులో ఒక్కటే మార్చు, ఏది చెడిపోతుందో చూడు. నేను టోపీ ఘట్టం తీసుకున్నాను. ఇంగ్లండు ప్రయాణం కోసం పార్వతీశం దొరటోపీ అనుకుని ఆడవాళ్ల టోపీ కొంటాడు. దాన్ని 'నేను'లోంచి ప్రథమ పురుషలోకి మార్చి రాద్దామని కూర్చున్నాను. మొదటి వాక్యంలోనే కలం ఆగింది. పార్వతీశం వాడా, అతనా, ఆయనా?

'వాడు' అంటే నేనే వెక్కిరిస్తున్నట్టు ఉంది. 'ఆయన' అంటే పెద్దమనిషిని ఎద్దేవా చేసినట్టు ఉంది. 'అతను' అంటే ఎవరో దారినపోయే మనిషి. ఏది వేసినా, పాఠకుడు ఎక్కడ నిలబడి నవ్వాలో నేనే ముందుగా ముగ్గు వేసి చూపించినట్టవుతోంది. 'నేను'తో ఆ బెడద లేదు. పైగా 'కొన్నాను' అంటే చాలు, 'నేను' అన్న మాట కూడా అక్కర్లేదు. మనిషి క్రియ చివర ఒక్క అక్షరంలో ఒదిగిపోతాడు. ఇన్నేళ్లుగా తెలుగు చదువుతున్నాను కానీ ఈ సంగతిని శైలి కింద జమకట్టాలని ఎప్పుడూ తోచలేదు.

రెండోసారి 'నేను'ను అలాగే ఉంచి, కొనేచోట ఒక్క వాక్యం చేర్చాను: 'అది ఆడవాళ్లదని అప్పట్లో నాకు తెలియదు.' అంతే, నవ్వు చల్లారిపోయింది. అప్పుడు అర్థమైంది, ఇందులో ఇద్దరు పార్వతీశాలు ఉన్నారని. ఒకడు టోపీ కొంటున్నవాడు, రెండోవాడు ఆ తర్వాతెప్పుడో కూర్చుని కథ చెబుతున్నవాడు. రెండోవాడికి అన్నీ తెలుసు. తెలిసి కూడా మొదటివాడి కంటే ఒక్క అడుగు ముందు వేయడు. వ్యాసంలో ఐదు పుటలు దీనికే పోయాయి.

వాక్యాల పొడవు లెక్కపెట్టడానికి ఒక వారం తగలేశాను. చక్కటి పట్టిక తయారైంది. దాన్నిబట్టి చెప్పగలిగింది ఒక్క ముక్క కూడా లేదు, తీసేశాను. పదజాలానికి రెండు పుటలు సరిపోయాయి.

ఇంకో సందేహం మిగిలింది. ఇది మొక్కపాటివారి నేర్పా, లేక 'నేను' అని రాసే ఎవరికైనా దానంతటదే వచ్చేదా? తేల్చుకోవడానికి నా కథే ఒకటి రాసి చూశాను. ఒకసారి పరీక్షకు వెళ్లి, వేరే గదిలో, వేరే పరీక్ష రాసేవాళ్ల మధ్య పావుగంట దర్జాగా కూర్చున్నాను. దాన్ని అమాయకంగా చెప్పాలని గట్టిగా అనుకునే మొదలుపెట్టాను. నాలుగో వాక్యంలోనే 'ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది' అని రాసేశాను. నేను తెలివైనదాన్నని పాఠకుడికి చెప్పకుండా నాలుగు వాక్యాలు కూడా ఓపిక పట్టలేకపోయాను. ఆయన నవలంతా పట్టారు.

తుది ప్రతి పదకొండు పుటలు వచ్చింది. మేడమ్ పెద్దగా ఏమీ అనలేదు. చివరి పుటలో ఒక్కచోట మాత్రం సున్నా చుట్టారు. 'ఆయన టోపీ పెట్టుకుని ఓడ ఎక్కుతారు' అని రాశానట. పక్కన ఎర్ర సిరాతో మళ్లీ అదే ప్రశ్న ఉంది: "ఎక్కింది ఎవరు?"