లంకల్లో ఆశా సంచీ వెంట

జొన్నాడ దగ్గర గోదావరి పాయ గౌతమి దాటి రావులపాలెంలో దిగితే అక్కడి నుంచి దూరం లెక్క మారిపోతుంది. ఎన్ని కిలోమీటర్లని అడిగితే "ఇంకో రేవుందండి" అంటారు. ఆగస్టు చివరి వారం, వరద తీసి పది రోజులైంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటి మట్టం 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని ఇక్కడ బడి పిల్లలు కూడా ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పేస్తారు. పి.గన్నవరంలో ఇంకో పాయ వైనతేయ మీద డొక్కా సీతమ్మ అక్విడక్టు. జీవితమంతా అన్నం పెట్టిన మనిషి పేరు, ఊళ్లకు నీళ్లు మోసే వంతెనకు.

ఆ దిగువన ఒక రేవులో ఏఎన్‌ఎం (టీకాలు వేసే నర్సు), ఆశా (ఊరి ఆరోగ్య కార్యకర్త) పడవ కోసం చూస్తున్నారు. బుధవారం, టీకాల రోజు. నేను చూడాలని వచ్చింది వీళ్ల సంచీల్లో ఏముంటాయన్నది కాదు, అది ఏ కాగితంలోనైనా దొరుకుతుంది. సంచీలోంచి బయటికొచ్చిన మందు మనిషి నోట్లోకి చేరే లోపల ఏం జరుగుతుందన్నదే నాక్కావాల్సింది.

నీలం రంగు టీకా డబ్బాను ఏఎన్‌ఎం పడవలో చెక్క మీద పెట్టలేదు, ఒళ్లో పెట్టుకుని చీర కొంగు కప్పింది. లోపల నాలుగు ఐస్ ప్యాక్‌లు. వాటిని ఫ్రీజర్లోంచి తీసి నేరుగా డబ్బాలో సర్దితే పని చెడుతుంది. పెంటావాలెంట్, టీడీ లాంటి టీకాలు గడ్డకడితే ఇక పనికిరావు, మళ్లీ కరిగించినా అంతే. అందుకని ప్యాక్‌లను కాసేపు బయట ఉంచి, చెవి దగ్గర ఊపి, లోపల నీళ్ల చప్పుడు వినబడ్డాకే పెడతారు. పొద్దున్నే మొదటి పడవ అందుకోవాలన్న హడావిడిలో చాలామంది దాటేసే మెట్టు ఇదే. డబ్బాలో చల్లదనం 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. తట్టు–రుబెల్లా, బీసీజీ సీసాలకు, లోపలి పొడిలో ద్రవం కలిపాక, నాలుగు గంటలే ఆయుష్షు. ఒక్క బిడ్డ కోసం సీసా తెరవడం దండగనుకుని "వచ్చే వారం రామ్మా" అని పంపేయడం తప్పు. ఒక్కరొచ్చినా తెరవమనే నియమం. పడవ తప్పితే ఆ వచ్చే వారం పది రోజులవుతుంది, అంతలో వాన పట్టుకుంటే నెలవుతుంది.

ఏటి మధ్య లంక తోటల్లో కొబ్బరి మొదళ్లకు నడుమెత్తున ఒండ్రు చార ఇంకా ఆరలేదు. అంగన్‌వాడీ అరుగు మీద టీకాలు మొదలయ్యాయి. ఆశా అక్కడ కూర్చోలేదు. చేతిలో చిన్న నోటు పుస్తకం, అందులో ముగ్గురి పేర్లు: రావాల్సినవాళ్లు, రానివాళ్లు. ఇళ్లకు బయల్దేరింది. వెయ్యి జనాభాకు ఒక ఆశా అన్నది 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ పెట్టిన లెక్క. ఒకే గుంపుగా ఉన్న ఊళ్లో వెయ్యి మందిని ఒక పూటలో చుట్టి రావచ్చు. ఇక్కడ అదే వెయ్యి మంది రెండు పాయలకు అటూ ఇటూ ఉంటారు.

వరదకు ముందు పని ఇంకోటి ఉంటుంది. జూన్ నుంచే పురుడు తేదీల జాబితా రాసుకోవాలి. ఆఖరి నెలసరి మొదటి రోజుకు తొమ్మిది నెలలు, ఏడు రోజులు కలిపితే తేదీ. నీళ్లు ఎక్కే కాలంలో ఆ తేదీ పడేవాళ్లను ముందే గట్టు మీదికి, ఆస్పత్రి దగ్గరికి చేర్చాలి. గర్భిణులు ఒప్పుకుంటారు గానీ, "వరద రానీయండి, అప్పుడు చూద్దాం" అనేది అత్తగారు. కాజ్‌వే మునిగాక నొప్పులొస్తే 108 బండి అవతలి గట్టునే ఉంటుంది. నాటు పడవలో, చీకట్లో దాటించాలి.

వరద తీశాక మొదటి శత్రువు నుయ్యి. ఒక పెరట్లో నాలుగడుగుల వరల నుయ్యి, మూడు మీటర్ల నీళ్లు. ఆశా నోటి లెక్క వేసింది: వ్యాసాన్ని వ్యాసంతో హెచ్చించి, లోతుతో హెచ్చించి, 3.14తో హెచ్చించి, నాలుగుతో భాగిస్తే ఘనపు మీటర్లు. నాలుగడుగులంటే 1.2 మీటర్లు, కాబట్టి సుమారు 3,400 లీటర్లు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు చొప్పున ఎనిమిది, తొమ్మిది గ్రాములు. "మంచి" అన్న మాటే ఇక్కడ కిటుకు. మూత సరిగ్గా లేని బస్తా ఈ తేమలో కొన్ని వారాలుంటే క్లోరిన్ ఎగిరిపోయి సున్నం మిగులుతుంది. వాసన చూస్తే తెలుస్తుంది, ముక్కు మండకపోతే దాన్ని నమ్మొద్దు. పౌడరును గుప్పెటతో నూతిలోకి విసిరేస్తే సున్నం అడుక్కి చేరి నీళ్లు గడుసెక్కడం తప్ప లాభం లేదు. బకెట్లో ముద్ద చేసి, నీళ్లు కలిపి, పది నిమిషాలు తేరనిచ్చి, పైన తేటను ఇంకో బకెట్లోకి వంచి, ఆ బకెట్‌ను తాడుతో నూతి నీళ్లలోపలికి దించి కిందికీ మీదికీ ఆడించాలి. రాత్రి చేసి పొద్దున వాడుకుంటే సుఖం. ఒండ్రు నీళ్లలో మట్టే సగం క్లోరిన్‌ను మింగేస్తుంది కాబట్టి అరగంట తరవాత పరీక్ష గొట్టంలో రంగు చూసి, లీటరుకు అర మిల్లీగ్రాము మిగిలితేనే చాలించాలి. మిగల్లేదంటే మళ్లీ వేయాలి. బురద ఎక్కువున్న బిందెలకు ఆ ఇంటి మామ్మ చిల్లగింజ అరగదీసి వేస్తోంది. ఆశా వద్దనలేదు. తేరడానికి అది బాగానే పని చేస్తుంది, క్రిములు చావవు. తేరిన నీళ్లకు క్లోరిన్ బిళ్ల వేయమంది.

పక్కింట్లో రెండేళ్ల పిల్లాడికి విరేచనాలు. మూడు రోజుల కిందట ఇచ్చిన ఓఆర్ఎస్ ప్యాకెట్ అలమరలో, సగం చింపి, దారంతో కట్టి ఉంది. గ్లాసుకు చెంచా చొప్పున కలుపుతున్నారట. 20.5 గ్రాముల ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయాలి. చిక్కగా కలిపితే విరేచనం పెరుగుతుంది, పల్చగా కలిపితే ఉప్పు చాలదు. కలిపాక కాచకూడదు. లీటరు కొలత ఎలా అన్నదానికి ఆశా దగ్గర ఒకటే జవాబు: పెళ్లి భోజనాల దగ్గర మిగిలిన లీటరు నీళ్ల సీసా కడిగి దాచుకోండి. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్లలోపు వాళ్లకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో. కోనసీమలో కొబ్బరి బొండాన్ని కాదని ఎవరూ బతకలేరు, తాగించొచ్చు కూడా. కానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, అందుకే అది ఓఆర్ఎస్‌కు బదులు కాదు. జింకు మాత్ర కథ మరీ అన్యాయం. పద్నాలుగు రోజులు వేయాల్సింది, మూడో రోజు విరేచనం కట్టగానే ఆపేస్తారు. ఆశా వచ్చి మాత్రల స్ట్రిప్‌లో ఖాళీలు లెక్కపెడుతుంది. ఇనుము మాత్రలకూ అదే పద్ధతి: "వేసుకుంటున్నారా?" అని అడగదు, "స్ట్రిప్ చూపించండమ్మా" అంటుంది. అడిగితే అందరూ వేసుకుంటున్నట్టే చెబుతారు.

మర్నాడు అక్విడక్టు దాటి నగరం దీవిలోకి, రాజోలు వైపు. ఇక్కడ చూసిన చిక్కు డెల్టా అంతటా ఉన్నదే. తొలి కాన్పు పుట్టింట్లో అవుతుంది. ఆస్పత్రి కార్డులో ఊరు అత్తారిది. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డను ఆశా 3, 7, 14, 21, 28, 42 రోజులకు, ఆరుసార్లు ఇంటికొచ్చి చూడాలి. అత్తారి ఊరి ఆశా పేరుంది గానీ బిడ్డ లేదనుకుంటుంది, పుట్టింటి ఊరి ఆశా బిడ్డ ఉంది గానీ పేరు లేదనుకుంటుంది. బిడ్డకు గండం ఎక్కువుండే మొదటి వారమే ఇలా జారిపోతుంది. తెలివైన ఆశాలు దీనికి తమ దారి వెతుక్కున్నారు. ఏడో నెల సీమంతం పిలుపు వచ్చిన రోజే పుట్టింటి ఊరి ఆశాకు ఫోను.

మేం వెళ్లింది ఏడో రోజు చూపుకి. ఆశా ముందు చేతులు కడుక్కుంది, మోచేతుల దాకా, సబ్బుతో, తుడుచుకోకుండా గాలికి ఆరనిచ్చింది. స్ప్రింగు తూకాన్ని దూలానికి వేలాడదీసి, ఖాళీ జోలెతో ముల్లు సున్నా మీద ఉందో లేదో కంటికి సమానంగా చూసుకుంది. జోలె బరువు తీయకపోతే రెండున్నర కేజీల్లోపు బిడ్డ కాగితం మీద గట్టి బిడ్డయిపోతాడు. తరవాత చంకలో థర్మామీటరు. ఆ తరవాత బిడ్డ పడుకున్నాక ఊపిరి లెక్క: అర నిమిషం లెక్కపెట్టి రెండింతలు చేయకూడదు, పూర్తి నిమిషం. పసిబిడ్డ ఊపిరి ఆగి ఆగి నడుస్తుంది. నిమిషానికి 60 వస్తే మళ్లీ ఇంకోసారి లెక్క, అప్పుడూ తగ్గకపోతే బండి పిలవడమే. పొట్ట కదలిక కనబడేలా చొక్కా ఎత్తి, పెదాలు కదపకుండా లెక్కపెట్టింది. 48.

అమ్మమ్మకు సాంబ్రాణి పొగ వద్దనడం, బొడ్డుకు ఏదీ రాయొద్దనడం, బాలింతకు నీళ్లు తగ్గించొద్దనడం రెండు నిమిషాల్లో అయిపోయాయి. బాలింతకు పెట్టే కాయం జోలికి ఆశా పోలేదు. అన్నిటికీ వద్దంటే అసలు వద్దనాల్సినవాటికి చెల్లుబాటు ఉండదని ఆవిడ లెక్క. సరైన లెక్కేననిపించింది.

ఇలా ఇంటింటికీ వెళ్లి పసిబిడ్డల్ని చూసే పద్ధతి మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు చదువు తక్కువున్న ఊరి ఆడవాళ్లతో చేయించి చూపించినది. 1999లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఇక్కడ ఆశా గౌరవ వేతనం 2019లో నెలకు 10,000 అయింది. పడవ కూలి మాత్రం సొంత డబ్బే.

ఇక బోదకాలు. డెల్టా అంటే వరి, కొబ్బరి, కాలువ అని రాసేవాళ్లు దీన్ని వదిలేస్తారు. సెప్టిక్ ట్యాంకులు, నిలవ మురుగు ఉన్నచోటల్లా పెరిగే క్యూలెక్స్ దోమ ఈ జబ్బు పురుగును మోస్తుంది. 2004 తరవాత ఏడాదికోసారి అందరికీ ఒకే రోజున మాత్రలు ఇచ్చారు: రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు ఆ పురుగు మందు డీఈసీ ఒకటి, ఆరు నుంచి పద్నాలుగు దాకా రెండు, ఆ పైన మూడు, కొన్నేళ్లకు వాటితో ఒక ఆల్బెండజోల్ కూడా. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, మంచం పట్టినవాళ్లకు ఇవ్వలేదు. ఖాళీ కడుపుతో వేయకూడదు, ఆశా ఎదురుగానే మింగాలి. "అన్నం తిని వేసుకుంటాలే, పెట్టి వెళ్లమ్మా" అన్న ప్రతి ఇంట్లోనూ ఆ మాత్రలు కిటికీలోనే ఉండిపోయాయి. పురుగు ఒంట్లో నాలుగు నుంచి ఆరేళ్లు బతుకుతుంది, అందుకే వరసగా అన్ని ఏళ్లు మింగాలి. మాత్ర వేసుకున్న రాత్రి జ్వరం వచ్చిందంటే ఒంట్లో ఉన్న పిల్ల పురుగులు చచ్చినట్టు. ఊళ్లో ప్రచారమయ్యేది మాత్రం "మందు పడలేదు" అని.

ఉబ్బిన కాలు మాత్రలతో తగ్గదు. దానికి కావాల్సింది బేసిను, చెంబు, సబ్బు, మెత్తటి గుడ్డ. ఒక తాత వరి చేలో నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆశా చేసి చూపించలేదు, ఆయన చేతే చేయించింది. మోకాలి నుంచి కిందికి మామూలు నీళ్లు, వేడివి కాదు. సబ్బు నురగ అరచేత్తో, రాయితో రుద్దొద్దు. ముడతల మధ్య, వేళ్ల సందుల్లో ఒక్కొక్కటిగా. కిందికి తేట నీళ్లు జారే దాకా కడగాలి. అక్కడితో లేవబోయాడు.

"తాతా, సందులు తుడవలేదండి."

"ఆరిపోతాయిలేమ్మా."

ఆరవు. చిక్కంతా అక్కడే. తడి సందులో చర్మం పాచి, పగిలి, ఆ పగులులోంచి క్రిమి లోపలికెళ్లి, చలిజ్వరంతో కాలు మంటెత్తుతుంది. అలా వచ్చిన ప్రతిసారీ వాపు ఇంకో అంగుళం ముదురుతుంది. ఆశా చిన్న గుడ్డముక్కను మెలిపెట్టి ఒక్కో సందులో దూర్చి తీసింది. మూడో సందులోంచి వచ్చిన ముక్క తడిగా, కాస్త వాసనగా ఉంది. తాతకు చూపించింది. ఏమీ అనలేదు. ఆయనే ఆ గుడ్డ తీసుకుని నాలుగో సందు తుడుచుకున్నాడు. రాత్రి మంచం కాళ్లకొట్టు కింద రెండు ఇటుకలు పెట్టమని, జ్వరం ఉన్న రోజుల్లో మాత్రం వ్యాయామం మానేసి ఆస్పత్రికి రమ్మని చెప్పి లేచింది.

సాయంత్రం సఖినేటిపల్లి రేవు. పంటు మీద మోటారు సైకిళ్లు, గడ్డి మోపులు, రొయ్యల మేత బస్తాలు. వశిష్ఠ దాటి మాధవాయిపాలెంలో దిగితే నరసాపురం. ఈ వైపు రొయ్యల చెరువులు పెరిగిన కొద్దీ ఊటబావులు ఉప్పెక్కాయి, తాగునీళ్లు కుళాయివో డబ్బావో. ఒక ఊరి చివరి కుళాయి దగ్గర ఇంకో ఏఎన్‌ఎం గాజు గొట్టంలో నీళ్లు పట్టి రెండు చుక్కల మందు వేసి ఆకాశం వైపు ఎత్తి చూస్తోంది. క్లోరిన్ ఉంటే పసుపు రంగు రావాలి. రాలేదు. ట్యాంకు దగ్గర పొద్దున చూస్తే వచ్చిందట. గొట్టం పొడవునా ఎక్కడో లీకుంది, మోటారు ఆపినప్పుడు పక్క కాలువ నీళ్లు లోపలికి లాగుతోంది. పుస్తకంలో "చివరి కుళాయి: 0" అని రాసి, గొట్టం కడిగి, వెనక్కి నాలుగిళ్ల అవతల ఉన్న కుళాయి దగ్గరికి నడిచింది.