పెప్పర్డ్ కోరీలు, ఐదో విడత: కళ్లు వచ్చినా పగలని గుడ్లు

మా హైదరాబాదు ఇంట్లోని రెండున్నర అడుగుల తొట్టిలో పెప్పర్డ్ కోరీలు (అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్ చేపలు) ఈ చలికాలంలో ఐదోసారి గుడ్లు పెట్టాయి. గుడ్లు పెట్టించడం ఇప్పుడు కష్టం కాదు. సాయంత్రం సగం నీళ్లు తీసేసి, ఐదు డిగ్రీలు చల్లగా ఉన్న ఆర్‌ఓ నీళ్లు పోస్తే తెల్లవారేసరికి అద్దం మీద గుడ్లు కనిపిస్తున్నాయి. మూడో విడత నుంచి నన్ను వదలని సమస్య వేరే ఉంది. గుడ్డులో పిల్ల పూర్తిగా తయారవుతోంది, రెండు నల్లటి కళ్లు కనిపిస్తున్నాయి, తోక కొట్టుకుంటోంది, కానీ పొర చీల్చుకుని బయటికి రాలేక లోపలే చనిపోతోంది. గుడ్డు తెల్లబడి బూజు పడితే అంత బాధ ఉండదు. నాలుగు రోజులు కదిలిన ప్రాణం ఐదో రోజు ఆగిపోవడం చూడటం మాత్రం చాలా కష్టంగా ఉంది.

ఈసారి వచ్చిన 94 గుడ్లను ఒకటిన్నర లీటరు పట్టే రెండు డబ్బాల్లో 47 చొప్పున వేశాను. రెండింటిలోనూ బోరు నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు కలిపి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) 180 దగ్గర ఉంచాను. నీటి గట్టిదనం (అందులోని కాల్షియం, మెగ్నీషియం కొలత) 5 డిగ్రీలు, ఉష్ణోగ్రత 22 నుంచి 23. మొదటి డబ్బాలో లేత నీలం రంగు వచ్చేదాకా బూజు పట్టకుండా వాడే మిథిలీన్ బ్లూ మందు వేసి, మూత పెట్టకుండా ఎయిర్ స్టోన్ (నీళ్లలోకి గాలి బుడగలు వదిలే రాయి) నడిపాను. రెండో దానిలో ఒక ఎండిన బాదం ఆకు వేసి, గాలి ఆడేంత సందు వదిలి మూత పెట్టాను. మొదటి ముప్పై గంటల్లో తెల్లబడిన గుడ్లను, మొదటి డబ్బాలో 12, రెండో డబ్బాలో 10, ఏరి పారేశాను. మిగిలిన వాటిలో మొదటి డబ్బాలో 33 గుడ్లకు, రెండో డబ్బాలో 34 గుడ్లకు కళ్లు వచ్చాయి. అంటే అక్కడిదాకా రెండూ దాదాపు సమానంగానే నడిచాయి. ఐదో రోజు రాత్రికి రెండో డబ్బాలో 29 పిల్లలు బయటపడ్డాయి. మొదటి డబ్బాలో ఆరే. ఆగిపోయిన గుడ్లలో రెండింటిని మెత్తని కుంచెతో మెల్లగా దొర్లించి పొర చీల్చాను గాని, ఆ పిల్లల తోకలు వంకరగా ఉండి మర్నాటికే పోయాయి. ఇకపై ఆ ప్రయత్నం చేయను.

నా పుస్తకంలో రాసుకున్నవి తిరగేస్తే ఒక పొరపాటు దొరికింది. చలికాలపు పొడిగాలికి, ఎయిర్ స్టోన్‌కు మూతలేని డబ్బా రోజుకు సుమారు 100 మిల్లీలీటర్లు ఆరిపోతోంది. ఆ లోటును నాలుగు రోజులు నేను ఆలోచించకుండా బోరు నీళ్లతో నింపాను. మా బోరు టీడీఎస్ 720, గట్టిదనం 22 డిగ్రీలు. ఐదో రోజు మొదటి డబ్బాను కొలిస్తే టీడీఎస్ 370, గట్టిదనం 11 చూపింది. మొదట్లో ఉన్నదానికి ఇది రెట్టింపు. మూడో విడతలో మందు ఏమీ వేయకుండా, టీడీఎస్ 310 ఉన్న తొట్టి నీళ్లలోనే ఉంచినప్పుడు కూడా ఏడు గుడ్లు ఇలాగే కళ్లు వచ్చి ఆగిపోయాయి కాబట్టి, నా అనుమానం మిథిలీన్ బ్లూ కంటే గట్టి నీటి మీదే ఎక్కువగా ఉంది.

అయితే ఈ ఊహకు ఒక అభ్యంతరం ఉంది. చేప గుడ్డు పొర గట్టిపడటానికి కాల్షియం కావాలన్నది నిజమే గాని, ఆ గట్టిపడటం గుడ్డు పెట్టిన కొద్ది గంటల్లోనే జరుగుతుంది. అలాంటప్పుడు మూడో రోజు, నాలుగో రోజు చేరిన కాల్షియం ఏం చేసి ఉంటుంది? బయటికి వచ్చే వేళ పిల్ల తన ఒంట్లోంచి వదిలే ఎంజైమే ఆ పొరను లోపలి నుంచి కరిగిస్తుంది. చాలా చేపల్లో ఆక్సిజన్ కాస్త తగ్గడమే ఆ ఎంజైమును వదిలేలా చేస్తుంది. మొదటి డబ్బాలో ఎయిర్ స్టోన్ రాత్రీ పగలూ నడిచింది, రెండో డబ్బాలో అసలు లేదు. కనుక మందు, గట్టిదనం, గాలి అనే మూడు తేడాలను నేనే ఒకచోట కలిపేశాను, ఏది కారణమో ఈ లెక్కతో తేలదు.

గట్టిదనానికి నేను ఏపీఐ కంపెనీ చుక్కల కిట్‌నే నమ్ముతాను. ఒక్కో చుక్కకు ఒక్కో డిగ్రీ లెక్క, రంగు మారడం స్పష్టంగా తెలుస్తుంది. కాగితపు పట్టీలతో 5కూ 11కూ మధ్య తేడా పట్టుకోవడం నా వల్ల కాలేదు. బూజు విషయంలో బాదం ఆకు మందుకు ఏమాత్రం తీసిపోలేదు కాబట్టి, ఇకమీదట నా మొదటి ఎంపిక అదే. బయటపడిన పిల్లలు సన్నని పురుగులైన మైక్రోవార్మ్‌లు తింటూ బాగున్నాయి.

ఆరో విడతకు నాలుగు డబ్బాలు సిద్ధం చేస్తున్నాను. అన్నింటికీ మూతలు ఉంటాయి, ఆరిన నీళ్లకు బదులు ఆర్‌ఓ నీళ్లు మాత్రమే పోస్తాను. ఒకటి బాదం ఆకుతో గట్టిదనం 5, ఇంకొకటి అదే ఆకుతో 11, మూడోది 5 దగ్గర మిథిలీన్ బ్లూతో, నాలుగోది 5 దగ్గర ఆకుతో పాటు ఆగకుండా నడిచే ఎయిర్ స్టోన్‌తో. ఈ చేపలు దక్షిణ అమెరికాలో లా ప్లాటా నది పరీవాహకపు చల్లని నీళ్లవి (2024 నాటి వర్గీకరణలో వీటిని హాప్లిసోమా ప్రజాతిలోకి మార్చారు, కానీ నాకు ఇంకా కోరీలే), కాబట్టి మా ఊళ్లో ఎండలు ముదరకముందే, ఫిబ్రవరి లోపలే ఈ పరీక్ష ముగించాలి. తరువాత 28 డిగ్రీలను కూడా తట్టుకునే స్టెర్బాయ్ కోరీలను ఆరింటిని తెచ్చి, వేసవిలో వాటితో మొదలుపెట్టాలని ఉంది.