రాత్రి రెండింటికి మాత్రమే దొరకని ఫైలు

నేను బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో ఉంటున్న రోజులు. టీమ్‌లో నాకు అప్పజెప్పింది చిన్న పనే. సి ప్లస్ ప్లస్‌లో ఒక ప్రోగ్రామ్. రోజూ రాత్రి రెండింటికి విండోస్ టాస్క్ షెడ్యూలర్ దాన్ని లేపుతుంది, అది తన పక్కనే ఉన్న సెట్టింగ్స్ ఫైలు చదివి రిపోర్టు తయారు చేస్తుంది. పగలు నేను డబుల్ క్లిక్ చేస్తే బుద్ధిగా పనిచేసేది. రాత్రి మాత్రం ఈవెంట్ లాగ్‌లో ‘ఫైలు దొరకలేదు’ అని రాసి చచ్చేది. వరసగా మూడు రాత్రులు.

ఫైలు పేరు సరిచూశాను, పర్మిషన్లు చూశాను, ఆఖరికి ఫోల్డర్ మొత్తం చెరిపి మళ్ళీ కాపీ చేశాను. మా సీనియర్‌ది నెల్లూరు. నా గోల విని, “ఫైలు ఎక్కడుందో నాకెందుకు చెప్తావు తమ్ముడూ, ప్రోగ్రామ్ ఎక్కడ నిలబడి వెతుకుతోందో అడిగావా?” అన్నాడు.

నేను ఫైలు పేరొక్కటే ఇచ్చాను. అలా ఇస్తే ప్రోగ్రామ్ దాన్ని కరెంట్ డైరెక్టరీలో, అంటే తాను అప్పుడు నిలబడ్డ ఫోల్డర్‌లో, వెతుకుతుంది. అదేదో అడగడానికి విండోస్‌లో గెట్‌కరెంట్‌డైరెక్టరీ అనే ఫంక్షన్ ఉంది. ఎంత చోటు కావాలో ముందే తెలియదు కాబట్టి సైజు సున్నా అని చెప్పి, జవాబు రాసే చోటు (బఫర్) ఏదీ ఇవ్వకుండా ఓసారి పిలిచాను. 20 వచ్చింది. 20 అక్షరాలకు చోటిచ్చి మళ్ళీ పిలిస్తే 19. ఆ ఒక్కటీ ఎవరు మింగారు? అరగంట నా కోడ్‌నే అనుమానించాను. తీరా డాక్యుమెంటేషన్‌లో ఉంది: చోటు చాలకపోతే కావలసిన సైజు చెబుతుందట, మాట ముగిసిందని చెప్పే చివరి నల్ అక్షరంతో కలిపి. చాలితే రాసిన అక్షరాల లెక్క చెబుతుందట, నల్ లేకుండా. ఫెయిలైతే సున్నా. ఒకే నోట రెండు లెక్కలు!

ఆ 19 అక్షరాలు ప్రింట్ చేస్తే సి డ్రైవ్‌లో విండోస్, దాని కింద సిస్టమ్32 అని వచ్చింది. వేళ్ళమీద లెక్కపెట్టాను. సి, కోలన్, స్లాష్ మూడు. ఇంగ్లీషులో విండోస్ ఏడు, ఇంకో స్లాష్ ఒకటి, సిస్టమ్32 ఎనిమిది. సరిపోయింది.

డబుల్ క్లిక్ చేస్తే ఎక్స్‌ప్లోరర్ ప్రోగ్రామ్‌ను అది ఉన్న ఫోల్డర్‌లోనే నిలబెట్టి మొదలుపెడుతుంది. షెడ్యూలర్‌లో ‘స్టార్ట్ ఇన్’ అనే గడి నేను ఖాళీగా వదిలేశాను, కాబట్టి అది సిస్టమ్32లో నిలబెట్టింది. ఆ గడి పక్కన ‘ఆప్షనల్’ అని రాసి ఉంటుంది మరి! దారి నింపాను. అలవాటుగా కొటేషన్ గుర్తులు పెట్టాను, టాస్క్ అసలు మొదలే కాలేదు. తీసేస్తే నడిచింది.

కానీ రేపు ఇంకెవరో ఆ గడి ఖాళీగా వదిలేస్తే? ప్రోగ్రామ్ మొదట్లోనే సెట్‌కరెంట్‌డైరెక్టరీతో మార్చేద్దామన్నాను. సీనియర్ ఒప్పుకోలేదు. నడుస్తున్న ప్రోగ్రామ్ (ప్రాసెస్) మొత్తానికీ కరెంట్ డైరెక్టరీ ఒక్కటే, అందులో పక్కపక్కనే నడిచే పనుల్లో (థ్రెడ్‌లలో) ఒకటి మారిస్తే అన్నిటికీ మారుతుంది. గెట్‌మాడ్యూల్‌ఫైల్‌నేమ్‌తో ప్రోగ్రామ్ ఉన్న చోటు తెలుసుకుని, అక్కడి నుంచి పూర్తి దారి కట్టమన్నాడు. దానిదింకో తిక్క. చోటు చాలకపోతే ఎంత కావాలో చెప్పదు, పట్టినంత వరకు కోసి, మనమిచ్చిన సైజే తిరిగి మన మొహాన కొడుతుంది. అందుకని విండోస్‌లో దారి పొడవుకు మామూలు పరిమితైన 260 అక్షరాలతో మొదలుపెట్టి, చాలకపోతే రెట్టింపు చేసే లూప్ రాశాను.

‘స్టార్ట్ ఇన్’ గడి మళ్ళీ కావాలనే ఖాళీ చేసి, ఆ రాత్రి అలారం పెట్టుకుని లేచాను. పీజీలో వైఫై సరిగ్గా అందేది మెట్ల దగ్గరే. అక్కడ కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. 2:01కి రిపోర్టు వచ్చింది.