పద్మ మాటలన్నీ రెండు పేజీలు

నా నవల నాలుగో డ్రాఫ్ట్ నిన్న రాత్రి పూర్తయింది. మొదటి డ్రాఫ్ట్ రాయడానికి 14 నెలలు పడితే, దిద్దడానికి మూడేళ్లు పట్టింది.

మొదటిది అయ్యాక ఆరు వారాలు ఫైలు తెరవలేదు. తర్వాత ప్రింట్ తీసుకుని, పెన్ను దగ్గర పెట్టుకోకుండా మొత్తం చదివాను. పెన్నుంటే అక్షర దోషాల మీదికే మనసు పోతుంది, కథ ఎక్కడ కుంటుతోందో కనపడదు.

రెండో డ్రాఫ్ట్ అంతా తారీఖుల పనే. తొమ్మిదో అధ్యాయంలో ఏడో నెల గర్భిణిగా ఉన్న వదిన, నాలుగు నెలల తర్వాత జరిగే పన్నెండో అధ్యాయంలో కూడా ఇంకా ప్రసవించలేదు. అది సరిచేస్తే రెండు అధ్యాయాల్లో వర్షాలు పోయి ఎండలొచ్చాయి.

అసలు కష్టం మూడోదానితో. చదివిన స్నేహితురాలు ఒక్కటే అడిగింది: "పద్మకి ఏం కావాలి?" నేను జవాబు చెప్పలేకపోయాను. నవల పద్మదే. తమ్ముణ్ణి పెంచి పెద్దచేసిన అక్క. ఆ రాత్రి పద్మ అన్న మాటలన్నీ ఏరి వేరే ఫైల్లో పెట్టాను. రెండు పేజీలు కూడా నిండలేదు. "సరే", "తినేశాను", "నాకేం తెలుసు". అన్నీ ఎవరో అడిగినవాటికి జవాబులే. మూడు వందల పేజీల్లో ఆమె ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. చాలా బాధేసింది. ఆ ఇంట్లోవాళ్లు ఆమెను ఎలా చూశారో, నేనూ అలాగే చూశాను.

పదిహేడో అధ్యాయం మళ్లీ రాశాను. అందులో పద్మ తమ్ముణ్ణి అడుగుతుంది: "ఇల్లు అమ్మేముందు నన్నొక్క మాట అడగాలనిపించలేదారా?" ఆ వాక్యం పడ్డాక, తర్వాతి అధ్యాయంలో తమ్ముడి పశ్చాత్తాపానికి చోటే లేదు. నాలుగు వేల మాటలు, నాకు చాలా ఇష్టమైనవి, తీసేశాను. "తీసేసినవి" అనే ఫైలు ఒకటుంది, అందులో దాచాను. అలా దాచకపోతే కోయడానికి చెయ్యి రాదు.

నాలుగోది వాక్యాల పని. తెలుగులో ఒక మాట వెతకాలంటే ధాతువు దగ్గర ఆగాలి. "నిట్టూర్చాడు" అని వెతికితే "నిట్టూర్చింది" దొరకదు. "నిట్టూర్" అని కొడితే 63 చోట్ల వచ్చింది, ఐదు ఉంచాను. "వెళ్లాడు", "వెళ్ళాడు" రెండూ రాసి ఉన్నాను కాబట్టి రెండింటినీ వెతకాల్సొచ్చింది. ఆ తర్వాత పైకి చదవడం. కంటికి బాగున్న సంభాషణ నోటికి రాకపోతే, అది ఆ మనిషి మాట కాదు, నా మాట. చదివి చదివి గొంతు పోయిన రోజులున్నాయి.

అమెరికన్ రచయిత హెమింగ్వే ఒక నవల చివరి పేజీని 39 సార్లు తిరగరాశానని 1958లో అచ్చయిన ఇంటర్వ్యూలో చెప్పాడు. ఇబ్బంది ఏమిటని అడిగితే, మాటలు సరిగ్గా కుదరడమే అన్నాడు. నా చివరి పేజీ ఇప్పటికి తొమ్మిదిసార్లయింది. నాకు ఇబ్బంది మాటలతో కాదు, చూపుతో. ఎనిమిదిసార్లూ ఖాళీ ఇంటిని తమ్ముడి కళ్లతోనే చూపించాను. నిన్న రాత్రి మొదటిసారి పద్మ తాళం వేసింది, తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంది. తమ్ముడు చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

అక్కడ ఆపేశాను.