యూదుల బడిలో అడుగుపెట్టడానికి నేను ఎక్కిన గుమ్మాలు

మన దేశంలో యూదులు పెట్టిన బడులు ఇంకా నడుస్తున్నాయనీ, వాటిలో చదివే పిల్లల్లో ఎక్కువమంది ముస్లింలనీ చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. యూదులంటే మా అమ్మకు పక్కవీధి చర్చి మైకులో వినబడే పేరు, అంతే. విద్యాశాస్త్రంలో పీహెచ్‌డీకి నేను తీసుకున్న అంశం మాత్రం అదే. ఒక మతంవాళ్ళు తమ పిల్లల కోసం కట్టుకున్న బడిలో ఆ మతం పిల్లలే లేకుండా పోతే, అక్కడ ఎవరు ఎవరికి ఏం నేర్పుతున్నారు? అంశం తేలిగ్గానే దొరికింది. గేటు దాటి లోపలికి వెళ్ళడానికి కావలసిన కాగితాలు సంపాదించడం దగ్గరే చాలా కాలం పోయింది. ఇలాంటి పని తలపెట్టినవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు బడుల సంగతి. కోల్‌కతాలో జ్యూయిష్ గర్ల్స్ స్కూల్ 1881లో మొదలైంది. సిరియాలోని అలెప్పో నుంచి షాలోమ్ కోహెన్ అనే యూదు వ్యాపారి 1798లో ఆ ఊరు చేరాక, వెనకే బాగ్దాద్ వైపు నుంచి వ్యాపార కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. ఆడపిల్లలు మిషనరీ బడులకు వెళ్తే మతం మారిపోతారేమోనన్న బెంగతో సొంత బడి పెట్టుకున్నారు. ముంబయి కథ వేరు. అక్కడి బెనె ఇజ్రాయెల్‌లు కొంకణ తీరం నుంచి వచ్చిన యూదులు, మరాఠీ మాట్లాడతారు. నూనె గానుగలు ఆడించుకుంటూ శనివారం మాత్రం పని ముట్టరు కాబట్టి పల్లెల్లో వాళ్ళను ‘శనివార్ తేలీ’లనేవారు. హయీమ్ శామ్యూల్ కెహిమ్కర్ 1875లో వాళ్ళ పిల్లల కోసం పెట్టిన బడే తర్వాత మజ్‌గావ్‌లోని సర్ ఎల్లీ కదూరీ స్కూలయింది. బైకుల్లాలో సర్ జేకబ్ ససూన్ పేరుతో ఇంకొకటి ఉంది. 1947లో మనకు స్వాతంత్ర్యం, 1948లో ఇజ్రాయెల్ ఏర్పాటు తర్వాత కుటుంబాలకు కుటుంబాలే ఇజ్రాయెల్‌కూ ఇంగ్లండ్‌కూ ఆస్ట్రేలియాకూ వెళ్ళిపోయాయి. భవనాలు, ట్రస్టులు మిగిలాయి. చుట్టుపక్కల పేటల నుంచి వచ్చిన ముస్లిం పిల్లలతో బెంచీలు నిండాయి.

వీటిలో నేను కూర్చున్నది ఏ బడిలోనో, అసలు వీటిలో ఒకటో కాదో కూడా చెప్పను. చెప్పనని సంతకం పెట్టాను. ఆ సంతకం దాకా రావడమే అసలు కథ.

డాక్టోరల్ కమిటీలో సినాప్సిస్, అంటే పరిశోధన ప్రతిపాదన, చదివిన రోజున ఒకాయన అడిగిన మొదటి ప్రశ్న: “అంత దూరం ఎందుకమ్మా? మన గుంటూరు పక్కన చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు కదా!” నిజమే, ఉన్నారు. బెనె ఎఫ్రాయిం అని చెప్పుకుంటారు, వాళ్ళకో ప్రార్థనా మందిరం ఉంది. అయితే అక్కడ జరిగేది సొంత పిల్లలకు సొంత సంప్రదాయం నేర్పుకోవడం. నేను చూడాలనుకున్నది దానికి తిరగేసిన సంగతి. ఇంకొకావిడ ఇజ్రాయెల్ పరిశోధనల సంగతేమిటని అడిగారు. అక్కడ జ్వీ బెకెర్మాన్ లాంటివాళ్ళు యూదు, అరబ్ పిల్లలు కలిసి చదివే ద్విభాషా బడుల గురించి చాలా రాశారు. వాటిలో హాండ్ ఇన్ హాండ్ అనే బడులు 1998లో మొదలయ్యాయి. హీబ్రూ మాట్లాడే టీచరొకరు, అరబీ మాట్లాడే టీచరొకరు ఒకే క్లాసులో ఉంటారు. అక్కడ యూదు, అరబ్ పిల్లలను పక్కపక్కన కూర్చోబెట్టడమే ధ్యేయం. మన దగ్గర అలా ఎవరూ ధ్యేయం పెట్టుకోలేదు, దానంతట అది జరిగిపోయింది. ఈ తేడాను రెండు పేజీల్లో రాసిస్తే సినాప్సిస్ పాసయింది.

తర్వాత ఎథిక్స్ కమిటీ, అంటే పరిశోధనలో పాల్గొనేవాళ్ళకు హాని జరగకుండా చూసే కమిటీ. ఇక్కడే మొదటి చిక్కుముడి పడింది. స్కూలు అనుమతి పత్రం జతచేయందే దరఖాస్తు తీసుకోమని కమిటీ ఆఫీసులో అన్నారు. స్కూలుకు రాస్తే, ఎథిక్స్ కమిటీ పత్రం చూపించందే ట్రస్టు ముందు పెట్టలేమని జవాబు. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు! మా గైడ్ మేడమ్ ఒక దారి చెప్పారు: స్కూలు నుంచి అనుమతి అడక్కండి, “మీ ప్రతిపాదన అందింది, ఎథిక్స్ ఆమోదం వచ్చాక పరిశీలిస్తాం” అని ఒక్క వాక్యం లెటర్‌హెడ్ మీద రాసిమ్మనండి. అది చూపిస్తే కమిటీ షరతులతో ఆమోదం ఇస్తుంది. అలాగే జరిగింది. ఈ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఒక సెమిస్టర్ కలిసొచ్చేది.

కమిటీలో ఒక డాక్టరు, ఒక లాయరు, ఇద్దరు ప్రొఫెసర్లు, మామూలు జనం తరఫున ఒకావిడ. ఫారంలో ‘పాల్గొనేవారికి ప్రమాదం’ అన్నచోట ‘స్వల్పం’కి టిక్ పెట్టాను. లాయరుగారు దాన్ని అక్కడే కొట్టేశారు. “మైనర్లు, పైగా మతం గురించి. స్వల్పం ఎలా అవుతుంది?” ఆయనే రాజ్యాంగంలోని 28(3) అధికరణం తీశారు. గుర్తింపు పొందిన బడిలోగాని, ప్రభుత్వ సొమ్ము అందుకునే బడిలోగాని మతబోధకు హాజరు కమ్మని ఎవరినీ బలవంతపెట్టకూడదు, మైనరైతే సంరక్షకుల సమ్మతి కావాలి. “అసెంబ్లీలో హీబ్రూ ప్రార్థన చదివిస్తారా అని మీరు పిల్లల్ని అడిగి రికార్డు చేస్తే, రేపు అది బడి మీద ఫిర్యాదుకు పనికొస్తుంది. ఆలోచించారా?” మైనారిటీ విద్యాసంస్థల గురించి 30వ అధికరణం మీద నేను సిద్ధం చేసుకున్న సమాధానం గొంతులోనే ఉండిపోయింది.

మతం గురించి సూటిగా అడిగే ప్రశ్నలన్నీ తీసేయమన్నారు. ఒళ్ళు మండింది. మిగిలినవి చూస్తే చప్పగా ఉన్నాయి: ఈ బడిలో ఎందుకు చేరారు? ఎవరు చెప్పారు? పొద్దున్న గంట కొట్టాక ఏం జరుగుతుంది? సెలవులు ఎప్పుడెప్పుడు?

బడి పేరు దాచడం మీద ఇంకో దఫా వాదన నడిచింది. దేశంలో ఇలాంటి బడులు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. ‘ఒక మహానగరంలోని పాత యూదు పాఠశాల’ అని రాసినా తెలిసినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. చివరకు ఊరు, తరగతుల సంఖ్య, భవనం వర్ణన ఏవీ థీసిస్‌లో రాకూడదని, రెండు మూడు బడుల చరిత్ర కలిపి ఇవ్వాలని తేల్చారు. చరిత్రకారులకు ఇది నచ్చదు. నాకూ పూర్తిగా నచ్చలేదు, కానీ అందులో న్యాయముంది.

అంతా అయిందనుకుంటుండగా 2023 అక్టోబర్ 7 వచ్చింది, గాజాలో యుద్ధం మొదలైంది. ఇచ్చిన ఆమోదాన్ని కమిటీ వెనక్కి పిలిచి మళ్ళీ చూసింది. ఇజ్రాయెల్, పాలస్తీనా మాట నేనై ఎత్తకూడదు, పిల్లలెవరైనా ఎత్తితే వినాలి, వాదించకూడదు, బాధపడితే రికార్డింగ్ ఆపాలి, ఆ పిల్లల్ని ఎవరికి అప్పగించాలో ముందే రాసుండాలి. నాకు నచ్చిన షరతు ఏదైనా ఉంటే ఇదే. బడివాళ్ళు కూడా కొన్నాళ్ళు ఆగమన్నారు. ఆగాను.

తల్లిదండ్రుల సమ్మతి పత్రాలు ఇంగ్లీషు, హిందీ, ఉర్దూల్లో అచ్చువేయించాను. ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చే శనివారం నన్ను కారిడార్‌లో ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు. బురఖాలో వచ్చిన ఒకావిడ పత్రాన్ని అటూ ఇటూ తిప్పి, “ఇది సంతకం పెడితే ఫీజేమైనా పెరుగుతుందా?” అనడిగింది. లేదన్నాను. “పెట్టకపోతే మార్కులు తగ్గిస్తారా?” లేదన్నాను. “మరి మాకేంటి?” ఏమీ లేదని చెప్పాల్సొచ్చింది. నవ్వి సంతకం పెట్టింది. ఈ బడే ఎందుకని అడిగితే, ఇంగ్లీషు మీడియం, నడిచొచ్చే దూరం, తను కూడా ఇక్కడే ఎనిమిదో తరగతి దాకా చదివిందట. ‘యూదుల’ అన్న మాట ఆవిడ నోట రాలేదు. ఆ రోజు బల్ల దగ్గరికి వచ్చినవాళ్ళలో ఆ మాట అన్నవాళ్ళు దాదాపు లేరు.

పిల్లల సమ్మతి విడిగా తీసుకోవాలి. వాళ్ళమ్మ సంతకం పెట్టినా తను వద్దనే హక్కు పిల్లకుంది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె కాగితం మడతపెట్టి అడిగింది: “మీరు యూదులా, మిస్?” కాదన్నాను. “ముస్లిమా?” కాదు. “అయితే ఇదంతా మీకెందుకు?” నా సినాప్సిస్‌లో ఉన్న సమాధానం చెప్పబోతే మధ్యలోనే గంట కొట్టారు. ఆ అమ్మాయి సంతకం పెట్టలేదు. నా క్లాసు పరిశీలనల్లో ఆమె కూర్చున్న బెంచీ గురించి ఒక్క ముక్క లేదు.

చప్పగా ఉన్నాయనుకున్న ప్రశ్నలకే ఎక్కువ సరుకు దొరికింది. సెలవుల గురించి అడిగితే ఏడో తరగతివాళ్ళు పోటీపడి చెప్పారు: రెండు ఈదులు, దీపావళి, క్రిస్మస్, ఇంకా ‘ఆ ఉపవాసం రోజు’. యోమ్ కిప్పూర్ పేరు ఒకరిద్దరికే తెలుసు. “వాళ్ళదీ రోజానే, కానీ ఒక్కరోజే, రాత్రి కూడా తినరు” అని ఒక కుర్రాడు వివరించాడు. పక్కవాడు నమ్మలేదు. ఇద్దరూ వెళ్ళి పాత టీచర్ని అడిగారు. ఆవిడ హిందువు. సూర్యాస్తమయం నుంచి మర్నాడు చీకటిపడేదాకా అని, నీళ్ళు కూడా తాగరని చెప్పి పంపింది. పిల్లల మతాన్ని సూటిగా అడిగే ప్రశ్న ఏదీ ఈ ముక్క పట్టుకోగలిగేది కాదు. కమిటీ కొట్టేసినవాటిలో ఒకటి మాత్రం ఉంచాల్సిందని ఇప్పటికీ అంటాను. టీచర్లను, అంటే పెద్దవాళ్ళను, ఏ పాఠం దగ్గర తడబడతారని అడిగే ప్రశ్న అది. చరిత్రలో నాజీల అధ్యాయం ఈ బడిలో ఎలా చెబుతారో స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ విన్నాను. రికార్డు చేసే అనుమతి లేదు కాబట్టి అది థీసిస్‌లో లేదు, ఇక్కడా రాయను.

వైవా అయిపోయింది. బడికిచ్చిన మాట ప్రకారం రెండు పేజీల సారాంశం టీచర్ల కోసం ఇంగ్లీషులో పంపాను. తల్లిదండ్రుల కోసం ఉర్దూలో పంపాల్సింది ఇంకా టైపింగ్ దగ్గరే ఉంది. ఫెలోషిప్ అయిపోయింది కాబట్టి ఆ డబ్బులు నేనే పెట్టుకోవాలి. వేసవి సెలవులు ఇచ్చేలోగా వాళ్ళ చేతికి అందించాలి.