చెత్త ఆటో దగ్గర మా అమ్మాయి

మేముండేది నార్త్ కరోలినాలోని కేరీలో. ఈ వేసవి సెలవులకు పదమూడేళ్ల మా అమ్మాయిని తీసుకుని హైదరాబాద్ శివారు దమ్మాయిగూడలో అమ్మవాళ్లింటికి వచ్చాను. వచ్చిన రెండో రోజే వాన పడింది. పొద్దుగూకేసరికి జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వాసన ఇల్లంతా నిండింది. పాత గుట్టకు పైన షీటు పరిచి మట్టి కప్పేశారు, అయినా వాన పడితే ఇంతే. అమ్మ లేచి కిటికీలు మూసి అగరుబత్తి వెలిగించింది.

"సిటీ చెత్తంతా ఇక్కడికే ఎందుకు తెస్తారు అమ్మమ్మా?"

"ఎక్కడో ఒక చోట పొయ్యాలి కదా బిడ్డా."

మా అమ్మాయి నా వైపు చూసింది. ఎందుకు చూసిందో నాకు తెలుసు. పోయినేడు బడిలో తను వారెన్ కౌంటీ మీద ప్రాజెక్టు చేసింది. అదీ నార్త్ కరోలినాలోనే ఉంది. 1978లో పీసీబీ అనే విష రసాయనం కలిసిన నూనెను ఎవరో రాత్రిపూట రోడ్ల పక్కన పారబోసి పోయారు. ఆ మట్టిని తవ్వి ఎక్కడో ఒక చోట పూడ్చాలి కదా. ప్రభుత్వం చూసి చూసి నల్లవాళ్లు, పేదలు ఎక్కువగా ఉండే ఆ కౌంటీనే ఎంచుకుంది. 1982లో జనం లారీలకు అడ్డంగా రోడ్డు మీద పడుకున్నారు. 500 మందికి పైగా అరెస్టయ్యారు. లారీలు మాత్రం ఆగలేదు. తర్వాత 1987లో ఒక చర్చి సంస్థ దేశమంతటా పరిశీలిస్తే, ప్రమాదకరమైన చెత్త ఎక్కడ చేరుతుందన్నది అక్కడివాళ్ల ఆదాయం కన్నా జాతిని బట్టే ఎక్కువగా తెలుస్తోందని తేలింది. "వాళ్ల మాట చెల్లదని అక్కడ పోశారు" అని తనకు విడమరిచి చెప్పింది నేనే.

మర్నాడు పొద్దున స్వచ్ఛ ఆటో వచ్చింది. భర్త బండి నడుపుతున్నాడు, భార్య వెనక చెత్తలో నిలబడి ఉంది. చేతులకు గ్లౌజుల్లేవు. మేమిచ్చిన కవరు ముడి విప్పి, పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు వేరు చేసి పక్కనున్న గోనెలో వేస్తోంది. అవి అమ్మితే నాలుగు డబ్బులొస్తాయి. న్యూస్‌పేపరు చుట్టిన పొట్లం ఒకటి దొరికితే దాన్నీ విప్పి, వెంటనే మూసి పక్కన పడేసింది. అది మా అమ్మాయి వాడిన ప్యాడ్. పాప మొహం కందిపోయి లోపలికి పరుగెత్తింది.

కేరీలో మా ఇంట్లో రీసైక్లింగ్ డబ్బాలో పెరుగు కప్పు కడగకుండా వేస్తే ఊరుకోను. ఇక్కడ పుట్టింటి గడప తొక్కగానే అంతా ఒకే కవరులో కట్టి ఇచ్చాను. తీసేవాళ్లు ఉన్నారు కదా అన్న ధీమా నాకు ఈ ఇంట్లోనే అబ్బింది.

మధ్యాహ్నం పాప ఎర్ర స్కెచ్‌పెన్ను తీసి ఒక కాగితం కవరు మీద పెద్ద ఇంటూ గుర్తు వేసింది. మర్నాడు తనే కిందికి వెళ్లి ఆటోలో ఆమె చేతికిచ్చింది.

"ఇది విప్పొద్దనా బిడ్డా?" అందామె. పాప తలూపింది. వానొస్తే మీకూ వాసనొస్తదా అని తనకొచ్చిన తెలుగులో అడిగింది. "మేముండేదే యార్డు పక్కన. మాకు ఎండైనా వానైనా ఒకటే" అంటూ ఆమె తర్వాతి ఇంటి డబ్బా అందుకుంది.

పైకొచ్చాక పాప అడిగింది: "అక్కడ నల్లవాళ్లు. మరి ఇక్కడ ఎవరమ్మా? ఈ పని ఎప్పుడూ వాళ్లే ఎందుకు చేస్తారు?"

2023లో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించినప్పుడు మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో పెద్ద గొడవ జరిగింది. నేను నోరు మెదపలేదు. కులం సంగతి పిల్లలకు తెలియకపోతే అది వాళ్లతో రాదని నమ్మాను. జాతి గురించి తనతో గంటలు గంటలు మాట్లాడినదాన్ని, ఈ మాట మాత్రం పదమూడేళ్లు దాచాను.

ఆ రాత్రి చెప్పాను. మనది ఏ కులమో, వాళ్లది ఏ కులమో, అమ్మమ్మ వంటింటి కిటికీ గూట్లో ఆ స్టీలు గ్లాసు విడిగా ఎవరి కోసం ఉందో.