ఎర్ర గుర్తు

"అక్కా, నా కోడ్ తప్పా?" అంటూ ఇందాక కోరమంగళలో ఒకమ్మాయి లాప్‌టాప్ ఇటు తిప్పింది. ఎవరైనా కోడ్ చూసి మార్పులు పంపగల ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి తన మొదటి పుల్ రిక్వెస్ట్ (పీఆర్), అంటే నా మార్పు కలుపుకోండి అనే విన్నపం. పక్కనే ఎర్ర గుర్తు.

కోడ్ బాగానే ఉంది. మార్పుతో పాటు రాసే కమిట్ మెసేజ్ చివర, ఈ కోడ్ పంపే హక్కు నాకుంది అని పేరుతో చెప్పే సైన్డ్-ఆఫ్-బై లైన్ లేదు, అంతే. గిట్‌లో చివరి కమిట్‌ని సరిచేసే అమెండ్‌కి, ఆ లైన్ చేర్చే మైనస్ ఎస్ తగిలించి, పాతదాని చోట కొత్తది పెట్టేలా ఫోర్స్ పుష్ చేస్తే రెండు నిమిషాల్లో పచ్చబడింది.

ఇలాంటివి పక్క సీటు స్నేహితుడు చెప్తేనే తెలుస్తాయి. ఇలాంటి కోడ్ ఉంచే సైట్ గిట్‌హబ్ 2017లో చేసిన ఓపెన్ సోర్స్ సర్వేకి జవాబిచ్చినవాళ్లలో ఆడవాళ్లు 3 శాతమే. మరి ఈ కొద్దిమంది అమ్మాయిలు ఎవర్ని అడగాలి? ఆ ఎరుపు చూసి, నాకు రాదులే అనుకుని ట్యాబ్ మూసేస్తారు. అదే నా బాధ.

ప్రాజెక్టులు చూసుకునే మెయింటెయినర్లూ, కోడ్ ఎలా పంపాలో చెప్పే కాంట్రిబ్యూటింగ్ ఫైల్లో ఆ కమాండ్ మొత్తం రాసిపెట్టండి. మొదటి పీఆర్‌కి రెండు రోజుల్లో జవాబివ్వండి, బాట్‌తో కాదు. ఓపెన్ సోర్స్‌లో డబ్బిచ్చే ఇంటర్న్‌షిప్ ఔట్రీచీకి దరఖాస్తు పెట్టుకునేవాళ్లు గడువులోపు కనీసం ఒక్క కాంట్రిబ్యూషనైనా నమోదు చేయాలి. మీ ఆలస్యం వాళ్ల రోజులు తినేస్తుంది.